పాట నోటికి వచ్చింది, అక్షరం కంటికి రాలేదు

కిందటి ఉగాదికి రాజపాళయంలో ఒక తెలుగు సభకు వెళ్ళాను. ఏ సంఘం సభ అన్నది చెప్పను. చెప్తే ఫలానా మనిషి మీద కోపంతో రాశాడంటారు. నా కోపం మనుషుల మీద కాదు. మా తళవాయిపురం పిల్లే, పదేళ్ళుంటాయి, పట్టు పావడా కట్టుకుని వేదిక ఎక్కి త్యాగరాజ కీర్తన ఒకటి పాడింది. చక్కని గొంతు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. ముందు వరస పెద్దలంతా తొడల మీద తాళం వేశారు. పాట కాగానే ముఖ్య అతిథి గారు మైకు పుచ్చుకుని, తమిళనాట తెలుగు చచ్చిపోతున్నదన్నవాళ్ళకు ఈ పసిపిల్లే జవాబు అని ప్రకటించారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

పిల్ల దిగి వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చుంది. చేతిలో నాలుగు మడతల కాగితం. ఏదీ చూడనీ తల్లీ అన్నాను. పాట మొత్తం తమిళ అక్షరాల్లో రాసి ఉంది. వేదిక వెనక గుడ్డ మీద మూరెడేసి తెలుగు అక్షరాలతో సభ పేరు రాయించారు. అదేమని రాశారమ్మా అని అడిగాను. ‘‘ఆ ఎళుత్తు నాకు రాదు మామా’’ అంది, ఏ సంకోచమూ లేకుండా. తన తప్పు కాదని దానికి తెలుసు. ఎవరి తప్పో మనకు తెలియాలి.

కాఫీ దగ్గర కార్యదర్శి గారితో ఈ సంగతి ఎత్తాను. ఆయన నవ్వి, ‘‘సార్, మీ బ్యాంకువాళ్ళకు ఎక్కడైనా ఆడిట్ అభ్యంతరమే కనపడుతుంది. పాట పాడింది చాలదా?’’ అన్నారు. చాలదు. ఆ చాలదన్న ఒక్క మాటను విడమరచి చెప్పడానికే ఈ వ్యాసం. నేను పండితుణ్ణి కాను, బి.కాం. చదివినవాణ్ణి. వ్యాకరణంలో పొరపాట్లుంటే సంపాదకులు దిద్దుతారు. లెక్కలో పొరపాటుంటే మాత్రం పాఠకులు దిద్దాలి.

ముందు నష్టం లెక్క చెప్తాను. 1990ల మొదట్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా శాఖలో నమూనా సంతకాల కార్డుల డబ్బా ఒకటి ఉండేది. అందులో ముసలి ఖాతాదారులు పలువురు తెలుగులో సంతకం చేసినవాళ్ళు. వంకరటింకరగా ఉన్నా తెలుగే. కొందరి తలకట్లు కొడవళ్ళలా ఉండేవి. వాళ్ళ కొడుకులు తమిళంలో చేశారు, మనవలు ఇంగ్లీషులో చేస్తున్నారు. ఖాతాదారు పోయినప్పుడల్లా ఆ కార్డు మీద ‘మృతి’ అని రాసి తీసేయడం నా పని. ఒక్కొక్క కార్డు తీస్తున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. డబ్బా మొత్తం కంప్యూటరులోకి ఎక్కించిన రోజున చూస్తే తెలుగు సంతకాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఆ మనవలంతా ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ‘ఏమే’, ‘ఎందుకురా’, ‘బువ్వ తిన్నావా’ అన్నీ ఉన్నాయి. అక్షరం ఒక్కటే లేదు.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు 42 లక్షల పైచిలుకు, జనాభాలో 5.87 శాతం. చిన్న సంఖ్య కాదు. ఇందులో తెలుగు చదవగలిగినవారెందరని ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు మనకు ఇష్టం లేదు గనక.

ఇప్పుడు పాట దగ్గరికి వస్తాను. పాటను నేను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. చదువు నేర్పడానికి పాటను మించిన సాధనం లేదనే నా వాదం. మన దగ్గర ఆ సాధనం ఉంది, పిల్లల గొంతులో ఉంది, ఇంట్లో ముసలమ్మ నోట్లో ఉంది. దాన్ని తీసుకెళ్ళి మనం వేదిక మీద పూలకుండీలా పెట్టాం.

మా ప్రాంతం వాళ్ళకే తెలియని ఒక సంగతి చెప్తాను. కోవిల్పట్టి దాటి కాస్త పోతే ఎట్టయపురం. అక్కడి జమీందార్లు రాజకంబళ నాయకులు, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్ళు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని 1904లో ఎట్టయపురంలోనే, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చు వేయించారు. ఏ లిపిలో అనుకున్నారు? తెలుగు లిపిలో. మరుసటి సంవత్సరం, 1905లో, చిన్నవాళ్ళ కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వేశారు. అదీ తెలుగులోనే. దీక్షితులవారు తిరువారూరులో పుట్టిన మనిషి, ఎట్టయపురంలో జీవితం గడిపిన మనిషి. గోదావరి ఒడ్డున కాదు, మన పత్తి చేల నల్లరేగడి మధ్య కూర్చుని, సంగీతం నేర్చుకోదలచినవాడు మొదట తెలుగు అక్షరం పట్టాలన్న నమ్మకంతో ఆ పుస్తకాలు రాశారు. ఆ పుస్తకం తెరిచినవాడికి పాట, అక్షరం రెండూ కలిసి వచ్చేవి. తరువాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ మహాగ్రంథాన్ని తమిళ లిపిలో అయిదు సంపుటాలుగా తెచ్చింది. మంచి పనే, తమిళ విద్యార్థులకు అది కావాలి. తెలుగు ఇంటి పిల్లకు కూడా తమిళ లిపి కాగితమే ఇచ్చి పాడిస్తే మాత్రం, 1905లో ఎట్టయపురం ఇచ్చినదాన్ని మనం వెనక్కి లాక్కున్నట్టే.

తమిళ లిపిలో రాసుకుంటే ఏం పోయిందని అడుగుతారు. ‘కుడి’, ‘గుడి’ అని రెండు మాటలు తమిళ అక్షరాల్లో రాసి చూడండి. రెండూ ఒకటే అవుతాయి. పైగా తమిళంలో ఆ మాటకు తాగు అని అర్థం. దేవుడి గుడి, కుడి చెయ్యి, సారాయి తాగడం మూడూ ఒకే అక్షరాల్లో ఉంటాయి. కాలి-గాలి, పాలు-బాలు, అన్నీ అంతే. తమిళ లిపి తమిళానికి చక్కగా సరిపోయిన లిపి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తమిళంలో సంగీత పుస్తకాలు వేసేవాళ్ళు ఈ ఇబ్బంది తెలిసినవాళ్ళు కనుకనే అక్షరం నెత్తిన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు: ఒకటో క, రెండో క, మూడో క, నాలుగో క. అది నిజాయితీ గల పద్ధతి. మన పిల్ల చేతిలోని కాగితం మీద ఆ అంకెలు కూడా లేవు. విని పట్టిన పాట గనక పలుకు సరిగ్గా ఉంది. రేపు పాట మరిచిపోయి కాగితం తీస్తే, అందులో పలుకు ఉండదు.

పాట చదువును ఎలా నేర్పుతుందో నాకు తెలిసినంత చెప్తాను. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి తిన్నె మీద ఆరేడుగురు పిల్లల్ని కూర్చోబెట్టి రెండేళ్ళుగా చూస్తున్నాను. తల్లిదండ్రులు నైటీలు కుట్టే ఇళ్ళవాళ్ళు, మిల్లు పనివాళ్ళు. మా ఊళ్ళో కుట్టుమిషను చప్పుడు లేని వీధి వెతికి పట్టుకోవాలి, ఆ చప్పుడు కూడా ఒక తాళమే.

తెలుగు చదవడంలో మన పిల్లలకు వచ్చే చిక్కులు రెండే రెండు పెద్దవి. ఒకటి హ్రస్వం, దీర్ఘం. రెండోది ఒత్తు. ‘పలక’కూ ‘పాలక’కూ తేడా చిన్న గీత, ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా కింద వేలాడే చిన్న ముక్క. కంటికి అది ఆనదు. వందసార్లు రాయించినా ఆనదు. చప్పట్లు కొట్టించండి, అప్పుడు చెవికి ఆనుతుంది. మన ఛందస్సు చెప్పేదిదే కదా: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. గడి అంటే రెండు మాత్రలు. గడ్డి అంటే మూడు, ఎందుకంటే వెనక ఒత్తు వస్తే ముందు అక్షరం బరువెక్కుతుంది. మూడు మాత్రల పాటలో గడ్డి, గాలి, ఎద్దు, ఎండ అన్నీ ఒకే జాగాలో ఇమిడిపోతాయి. అక్కడ పిల్లవాడు ‘ఎద్దు’ను ‘ఎదు’ అని చదివితే తాళం ఒక దెబ్బ మిగిలిపోతుంది. నేను తప్పు అనక్కర్లేదు, మిగతా పిల్లలు నవ్వుతారు, వాడు మళ్ళీ కాగితం చూసి కింద ఉన్న ఒత్తును పట్టుకుంటాడు. సాయంత్రం క్యాషు లెక్క తేలనప్పుడు మేము వోచర్లు మళ్ళీ తిరగేస్తాం చూడండి, అదే పని. తప్పు ఎక్కడో ఉందని లెక్కే చెప్తుంది, పై అధికారి అరవక్కర్లేదు.

గుణింతం మాటా అంతే. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి అని పాత బళ్ళలో లాగి లాగి పాడించేవారు. దాన్ని బట్టీ అని మనవాళ్ళే ఎగతాళి చేసి మాన్పించారు. అందులో పలుకూ, ఆకారమూ, ఆ ఆకారం పేరూ మూడూ ఒకే ఊపులో ఉన్నాయి. వేలితో ఇసకలో దిద్దుతూ పాడితే నాలుగోది కూడా చేరుతుంది. ఇంత పొదుపైన పద్ధతిని నేను ఏ ట్రైనింగులోనూ చూడలేదు.

సుమతి శతకం పద్యాలు పిల్లలకు ఎందుకంటే నీతి కోసం అంటారు. నీతి సంగతి దేవుడెరుగు. అవి కంద పద్యాలు, కందానికి ప్రాస తప్పనిసరి. అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండి తీరాలి. పద్యం పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, పాడుతూ ప్రతి పాదంలో రెండో అక్షరానికి సున్న చుట్టమంటే పిల్లలకు అది దొంగను పట్టే ఆట. గుడి, కొమ్ము, ఏత్వం ఎన్ని వేషాలు వేసినా లోపలి హల్లు ఒకటేనని వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. వేమన ఆటవెలదులకు ఈ ప్రాస నియమం లేదు. దానికి బదులు చివరి పాదం మకుటంగా తిరిగి తిరిగి వస్తుంది. తెలిసిన పాదం కాగితం మీద ఎక్కడుందో వెతకమనవచ్చు. మన పూర్వులు పద్యం కట్టింది బడి పిల్లల కోసం కాకపోవచ్చు. బడికి కావలసినదంతా అందులో ఉంది.

ఇక్కడ కీర్తన ప్రియులకు కోపం వచ్చే మాట ఒకటి చెప్పక తప్పదు. చదువు నేర్పడానికి కీర్తన పనికిరాదు. త్యాగరాజస్వామి మీద భక్తి లేక కాదు. కీర్తనలో హ్రస్వాక్షరాన్ని కూడా రాగం కోసం నాలుగైదు దెబ్బల దాకా సాగదీస్తారు, ఒక మాటను విరిచి సగం ఈ ఆవర్తంలో, సగం ఆ ఆవర్తంలో వేస్తారు. సంగీతానికి అది అందం. కొత్తగా చదివే పిల్లకు గందరగోళం: చెవికి దీర్ఘం వినపడుతుంది, కాగితం మీద హ్రస్వం ఉంటుంది, ఏది నమ్మాలి? సంగీతం నేర్పే అయ్యవార్లకు ఈ సంగతి తెలుసు. అందుకే వాళ్ళు పిల్లలకు మొదట పిళ్ళారి గీతాలు చెప్తారు, స్వరానికి ఒక అక్షరం చొప్పున నడిచేవి. సంగీతానికే గీతం ముందు, కీర్తన తరువాత అయినప్పుడు, అక్షరానికి కీర్తన ముందెలా అవుతుంది? మనకు కావలసినవి దెబ్బకు ఒక అక్షరం నడిచే పాటలు: జోలపాట, కోలాటం పాట, నాట్ల పాట, తిరగలి పాట, మార్గళి నెల తెల్లవారుజామున వీధిలో పాడే భజన. ఇవన్నీ మన ముసలమ్మలకు వచ్చు. సభకు మాత్రం పిలవం. పట్టుచీర లేదు, పక్కన వయొలిన్ లేదు.

పిలవనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ జిల్లాలో అరుంధతీయుల ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. మన సభల్లో ‘తమిళనాట తెలుగువారు’ అని జాబితా చదివేటప్పుడు రాజులు, నాయుళ్ళు, రెడ్లు, దేవాంగులు అని నోరారా చదివి అక్కడ ఆగుతారు. జనగణన లెక్కకు వాళ్ళు కావాలి, వేదికకు అక్కర్లేదు. ఉగాది నాడు పాడిన పిల్లల్లో ఆ వీధి పిల్ల ఒక్కతీ లేదు, వాళ్ళకు కర్ణాటక సంగీతం చెప్పేవాళ్ళు లేరు గనక. చిత్తూరు, కడప వైపు తప్పెటను పలక అంటారు. బడి పిల్ల రాసుకునేదీ పలకే. రెండు పలకలూ తెలుగువే. ఆ వీధి పిల్లలకు మొదటి పలక వాయించడం ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే చేతిలో తాళం ఉంది. రెండో పలక ఇచ్చేవాడే లేడు. మా తిన్నె మీద మాత్రల లెక్క అందరికంటె ముందు పట్టింది ఆ వీధి నుంచి వచ్చే ఒక కుర్రవాడు. వాణ్ణి తిన్నె ఎక్కించినందుకు నా చుట్టాల్లోనే ఇద్దరు పిల్లల్ని పంపడం మానేశారు. ఆ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి, రాస్తున్నాను.

నోటికి వస్తే చదువు వచ్చినట్టు కాదని కొత్తగా నేను కనిపెట్టలేదు. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ దొర బళ్ళారి కలెక్టరుగా 1823లో మన వీధి బళ్ళ మీద ఒక నివేదిక పంపాడు. ఆ జిల్లాలో 533 బళ్ళు, అందులో 226 తెలుగువి. ఇసకలో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం చూసి మెచ్చుకున్నాడు. కాని పిల్లలు వల్లించే కావ్యభాష వేరు, మాట్లాడే భాష వేరు, భావం అయ్యవారికే సరిగా తెలియదు, పిల్లలకు అసలే తెలియదు అని కూడా రాశాడు. ఆ అభ్యంతరం రెండు వందల ఏళ్ళయినా రద్దు కాలేదు. వచ్చిన పాటను కాగితం మీద వేలు పెట్టుకుంటూ ‘చదివే’ పిల్లలు నాకూ తగిలారు. వేలు ఒక చోట, నోరు ఇంకొక చోట. అందుకని మందు కూడా ఉంది. పాట పాదాలను పట్టీలుగా కత్తిరించి, కలిపేసి, వరసలో పెట్టమనాలి. ఒక పాదంలో ఒక మాట మార్చి రాసి, పాడుతుండగా దొరకబుచ్చుకోమనాలి. పిల్లి ఉండాల్సిన చోట పుల్ల అని రాస్తే, చూసి పాడినవాడు ఆగుతాడు, వల్లించినవాడు దాటిపోతాడు.

శాస్త్రం ఏమందని అడిగేవారికి: 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు ఇంగ్లండులో చేసిన పని ‘నేచర్’ పత్రికలో వచ్చింది. నాలుగైదేళ్ళ పిల్లల్లో ప్రాసలు, మొదటి ధ్వనులు పసిగట్టగలిగినవాళ్ళు తరువాత చదువులోనూ బాగా వచ్చారు. పసిగట్టలేని 65 మందిని తీసుకుని వేరువేరు జట్లుగా నేర్పారు. ధ్వనులు మాత్రమే నేర్పిన జట్టు కంటే, ధ్వనులతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు చేతికిచ్చి నేర్పిన జట్టు ముందుకు పోయింది. నేను కార్యదర్శి గారికి చెప్పదలచిందంతా ఆ ఒక్క ఫలితంలో ఉంది. ధ్వని ఒక్కటే చాలదు, చేతిలో అక్షరం కూడా ఉండాలి.

సంగీతం వింటే మెదడు పెరుగుతుందనే ప్రచారం ఇంకొకటి ఉంది. దాని జోలికి పోకండి. 1993లో మోజార్ట్ సంగీతం విన్న కాలేజీ విద్యార్థులు కొద్ది నిమిషాల సేపు ఒక రకం ఆకారాల పరీక్ష కాస్త బాగా చేశారట. అంత మాత్రానికి 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతం రికార్డు పంచిపెట్టాడు. ఊయలలో పడుకున్న బిడ్డకు పాట పెట్టి, చదువు తనంతట తానే వస్తుందని కూర్చోవడం మన సంఘాల పద్ధతికి అమెరికా నకలు.

మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో పనిచేసిన బ్రిజ్ కొఠారీ గారికి 1996లో ఒక ఆలోచన వచ్చింది: టీవీలో సినిమా పాట వస్తుంటే, అదే భాషలో, అదే పాట మాటలు కింద అక్షరాల్లో వేసి, పలికే మాట రంగు మారేలా చేస్తే? 1999లో గుజరాతీ చిత్రగీత్‌లో మొదలుపెట్టారు. 2002లో దేశమంతా చూసే చిత్రహార్‌కు ఎక్కింది. చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు పాట మీది మోజుతో తమకు తెలియకుండానే చదివారు. దీనికి భవనం అక్కర్లేదు, జీతం అక్కర్లేదు. ఇంట్లో టీవీలో తెలుగు పాటలు వచ్చే ఛానళ్ళు మనకు ఎన్ని లేవు? కింద అక్షరాలున్న పాట ఏదో వెతికి పెట్టే ఓపిక తండ్రికి ఉండాలి, అంతే.

తప్పంతా తమిళ ప్రభుత్వానిదంటారు కొందరు. చట్టం సంగతి నాకూ తెలుసు. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయమంటుంది. తరగతికి పదిమంది లేదా బడికి నలభై మంది ఉంటే ఆ భాషలో చెప్పాలని 1949లోనే విద్యామంత్రులు ఒప్పుకున్నారు. 2006 చట్టం తమిళాన్ని మొదటి భాగంగా అందరికీ తప్పనిసరి చేసి, మాతృభాషను ఐచ్ఛికంగా నాలుగో భాగానికి నెట్టింది. కోర్టులకు వెళ్ళినవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. కాని ఆదివారం సాయంత్రం నా తిన్నె మీద తెలుగు చెప్పవద్దని ఏ చట్టమూ అనలేదు. తమిళం నేర్చుకోవడం వల్ల మన పిల్లకు నష్టమూ లేదు. తమిళంలో చదవడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరం త్వరగా పట్టుబడటం నేను కళ్ళారా చూశాను.

పైగా తమిళ ప్రభుత్వం తమిళానికి చేసినదాన్ని కాస్త కళ్ళు తెరిచి చూడండి. కరోనా తరువాత 2022 జూన్‌లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ అని పథకం పెట్టి, ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు ఆటలతో, పాటలతో, బొమ్మలాటలతో అక్షరం నేర్పించింది. అంతకు ముందు, 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళలో మొదలై 2007 నాటికి రాష్ట్రమంతా పాకిన కృత్యాల పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ నుంచి. తెలుగు పల్లె పిల్లల కోసం అక్కడ తయారుచేసిన కార్డులు, పాటలు, ఆటలు చూసి వచ్చి తమిళులు తమ భాషకు మలుచుకున్నారు. తెలుగువాళ్ళ బడి నుంచి తమిళులు పట్టుకుపోగలిగినది, తెలుగువాళ్ళమై మనం పట్టుకోలేకపోయాం. దీనికి ఏ కోర్టులో వ్యాజ్యం వేస్తారు?

ఆంధ్ర, తెలంగాణ పెద్దలకు కూడా ఒక మాట. 1975లో హైదరాబాదులో, 2012లో తిరుపతిలో, 2017లో మళ్ళీ హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రాష్ట్రేతర తెలుగువారి పేరిట ఉపన్యాసాలు జరిగాయి. మాకు శాలువాలు వద్దు. ముప్ఫై జానపద పాటలు, ఒక్కొక్కటి ఒక్క పుట, వేలెడంత అక్షరాలతో, పక్కన తమిళ లిపి లేకుండా అచ్చు వేసి పంపండి. ఒక సభలో పూలదండలకయ్యే ఖర్చు కూడా కాదది. నేను ఖర్చుల వోచర్లు చూసే మనిషిని, ఊరికే అనడం లేదు.

ఒక మిత్రుడు, ఇంజనీరింగు కాలేజీలో పనిచేస్తాడు, నన్ను నిలదీశాడు: ‘‘తెలుగు చదివి ఈ పిల్ల ఏం చేస్తుంది? ఉద్యోగం వస్తుందా?’’ రాదు. పాడితే మాత్రం వస్తుందా? పాటకు చప్పట్లు కొడుతూ అక్షరానికి జీతం అడగడం ఏం న్యాయం? ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడినవారు. మనవాళ్ళ వలస కథను ‘గోపల్ల గ్రామం’ అని తమిళంలో రాశారు, దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ వచ్చింది. మన ముసలమ్మలు చెప్పిన కథలు తమిళ సాహిత్యానికి ఆస్తి అయ్యాయి. సంతోషమే. ఆ కథలు తెలుగులో రాయగలిగినవాడు, రాస్తే ఇక్కడ చదవగలిగినవాళ్ళు, ఈ పిల్లల్లోంచి రావద్దా? ఈ మాసపత్రిక చందాదారుల జాబితా చూడండి. నాకంటె చిన్నవాళ్ళు ఎందరున్నారో సంపాదకులే చెప్పాలి.

ఉగాది నాడు పాడిన పిల్ల ఆషాఢంలో ఒక ఆదివారం మా తిన్నెకు వచ్చింది. వాళ్ళమ్మ పంపిందట. పట్టీ మీద ‘గుడి’ అని ఉంటే తన పాట కాగితం అలవాటు కొద్దీ ‘కుడి’ అని చదివింది. అరుంధతీయుల కుర్రవాడు గుటక వేసినట్టు నటించాడు, అందరూ పడి పడి నవ్వారు. అదీ నవ్వింది. మూడు వారాల తరువాత క, గ పక్కపక్కన రాసి, ‘‘మామా, ఇది తలకట్టు పెట్టుకున్న క, ఇది వేరే గ’’ అని నాకే పాఠం చెప్పింది. ఇప్పుడు కోలాటం పాటలు చూసి పాడుతోంది, వేలు నోటికంటె అర అక్షరం ముందు నడుస్తోంది. కీర్తన కాగితం ఇంకా తమిళంలోనే ఉంది. దాన్ని తానే తెలుగులో తిరగరాస్తానంటోంది, దీపావళి లోపల.

ఒక మనవి. ఎట్టయపురం, కోవిల్పట్టి, శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు వైపు ఎవరి అటకల మీదనైనా 1905 నాటి ‘ప్రథమాభ్యాస పుస్తకము’ తెలుగు ప్రతి ఉంటే, పత్రిక కార్యాలయానికి రాయండి. పురుగు కొట్టినదైనా ఫరవాలేదు. నేనే వచ్చి రసీదు రాసిచ్చి తీసుకువెళ్ళి, జిరాక్సు తీయించి, వారం లోపల తెచ్చి ఇస్తాను. ముసలమ్మల పాటలు రాసి పెట్టిన నోటు పుస్తకాలున్నా అంతే.